పిన్ని కంచం

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

మొన్న ఫోన్లో పిన్నికి చెంచా చేశానని గొప్పలు పోయాను చూడు, ఆ చెంచా ఇప్పుడు పోపుల డబ్బాలో ఉంది. నవ్వకుండా చదువు.

పక్షవాతం వచ్చాక ఆవిడ కుడిచేతికి పట్టు సరిగా రాలేదని నీకు తెలుసుగా. పాలిటెక్నిక్ బుర్ర ఊరుకుంటుందా! పిడికిలి కొలత తీసుకుని, చెంచా కాడకి సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగి ఇచ్చా. రెండు రోజులు వాడింది. మూడో రోజు "కలుపుకోకుండా తింటే అన్నం తిన్నట్టుంటుందిట్రా?" అంది.

అప్పుడు బుద్ధొచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చుని ఆవిడ తినడం చూశా. వేళ్లు మెల్లగానైనా కలుపుతున్నాయిరా! ముద్ద చెయ్యబోతే కంచం జారిపోతోంది, మెతుకులు అంచు దాటి కింద పడుతున్నాయి. అవి మేం చూస్తామని సిగ్గుపడి సగం అన్నం వదిలేస్తోంది. నేనేమో వారం రోజులు చేతికి కొలతలు తీశాను!

జైపూర్ కాలు గుర్తొచ్చింది, అదేరా, కాలు పోయినవాళ్లకి పెట్టే కృత్రిమ కాలు. 1968లో ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి చేసింది. అంతకుముందు విదేశీ తరహా కాళ్లు పెట్టేవారు. వాటికి బూటు తప్పనిసరి, చీలమండ దగ్గర వంగవు. మనవాళ్లేమో గుడి ముందు చెప్పులు విప్పాలి, నేల మీద బాసింపట్టు వెయ్యాలి, బురద పొలంలో దిగాలి, గొంతుకు కూర్చోవాలి. చాలామంది ఆ కాళ్లు మూలన పడేసి మళ్లీ చంక కర్రలు పట్టారు. వీళ్లిద్దరూ లోపల చెక్క, మెత్తటి రబ్బరు పెట్టి, పైన పాదం రంగు రబ్బరు తొడిగి, టైర్ల రబ్బరులా వల్కనైజ్ చేశారు, అంటే వేడి చేసి గట్టిపరిచారు. వట్టి కాలితో నడవచ్చు, తడిసినా ఫర్వాలేదు. సేఠీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ గారి పేరు మాత్రం చాలామందికి తెలీదు, నాకు అదే కడుపుమంట. కాలు పోయిన నాట్యకారిణి సుధా చంద్రన్, తన కథతో వచ్చిన తెలుగు సినిమాలో తానే నటించింది కదా, ఆవిడ నాట్యం చేసింది ఆ కాలితోనే.

సరే, కంచం సంగతి. ముందు కింద తడిగుడ్డ పరిచాం. కదల్లేదు గానీ, రోజూ ఆ గుడ్డ పిండడం ఎవరి వల్ల? సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అడుగున అంటించా. ఒక పక్క స్టీలు రేకు వంచి ఎత్తుగా అంచు బిగించా. మొదటిసారి మణికట్టుకి తగిలింది, కోశా. రెండోసారి మెతుకులు దాటాయి. మూడోది కుదిరింది. హమ్మయ్య అనుకుంటే, "చుట్టాలొస్తే ఇందులో పెట్టకు, రోగి కంచంలా ఉంది" అంది! ఇంట్లో అందరూ తినే కంచాల్లోంచే ఒకటి తీసి, అంచు లోపలికి కనపడకుండా మళ్లీ చేశా. నిన్న పెరుగన్నం కూడా మిగల్చలేదు.

ఇప్పుడు ముగ్గు వెయ్యాలంటోంది, పిండి వేళ్ల మధ్య నిలవడం లేదట. గరాటు లాంటిదొకటి బుర్రలో తిరుగుతోంది గానీ, ముందు నాలుగు రోజులు పొద్దున్నే లేచి వాకిట్లో కూర్చుంటా.

నువ్వు పండక్కి వచ్చేటప్పుడు పాత స్కూటర్ ట్యూబు ఒకటి పట్టుకురా. సైకిల్‌ది పల్చగా ఉంది, త్వరగా ఊడొచ్చేలా ఉంది.

నీ
శీను