మానాలనుకున్న మనిషికి మీటింగు ఎక్కడో తెలియాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో నేటి కార్యక్రమాలు అని వేస్తారు. ప్రవచనాలు, రక్తదాన శిబిరాలు, ఏ వీధిలో ఎప్పుడు కరెంటు తీస్తారో అన్నీ అందులో ఉంటాయి. అక్కడే మందు మానేవాళ్ల మీటింగులు ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు అని రెండు లైన్లు వేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడు చాలా ఏళ్లు తాగాడు. పోయిన సంవత్సరం ఆస్పత్రిలో చేర్చి మాన్పించాం. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడటం దాకా పోతుందనీ, ప్రాణం మీదికి కూడా రావచ్చనీ డాక్టరు చెప్పాడు. గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పిద్దామనుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి, ముందు డాక్టరుకు చూపించండి.

ఇంటికి పంపేటప్పుడు చీటీ అడుగున ‘ఏఏ మీటింగులకు వెళ్లవలెను’ అని రాశారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు తమలో తాము నడుపుకునే సంఘం. ఎక్కడికి వెళ్లాలని అడిగితే నెట్‌లో చూసుకోమన్నారు. నెట్‌లో ఉన్నదంతా ఇంగ్లీషు. దొరికిన నంబరుకు చేస్తే వేరే ఊళ్లో ఎవరో ఎత్తారు. పాపం ఆయన విసుక్కోకుండా వాళ్లనీ వీళ్లనీ కనుక్కుని, సాయంత్రానికి తిరుపతిలో చోటు చెప్పాడు. ఆ ఫోను వచ్చేదాకా మా తమ్ముడు వాకిట్లో చెప్పులు వేసుకుని, విడిచి, మళ్లీ వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం వస్తానన్నవాడు మర్నాడు కూడా వస్తానంటాడన్న నమ్మకం మాకు లేదు. తాగే మనిషి ఉన్న ఇంట్లో వాళ్లకు ఈ టెన్షన్ ఎలాంటిదో తెలుస్తుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను 1935లో అమెరికాలో ఇద్దరు మొదలుపెట్టారు, ఒకరు స్టాక్ బ్రోకరు, ఇంకొకరు సర్జన్. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. చేరడానికి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మేం వెళ్లింది ఓపెన్ మీటింగు కాబట్టి నన్నూ లోపలికి రానిచ్చారు. అక్కడ విన్నవి బయట చెప్పకూడదు, చెప్పను. ఒక్కొక్కరూ పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తమ సంగతి చెప్పుకున్నారు. మధ్యలో ఎవరూ అడ్డం పడలేదు, నీతులు చెప్పలేదు. మా తమ్ముడు నోరు తెరవలేదు, తెరవమని ఎవరూ అనలేదు. చివర్లో టీకి, గది అద్దెకు ఒక సంచి తిప్పారు. నేను కూడా వేయబోతే “వద్దక్కా, ఇది మాలో మేం ఏసుకునేది” అన్నారు. బయటివాళ్ల డబ్బు తీసుకోకపోవడం వాళ్ల నియమం.

ఆ గది ఒక చర్చి ఆవరణలో ఉంది. మన ఊళ్లో ఈ మాట వినగానే ఇళ్లల్లో ఏం అనుమానం వస్తుందో మీకు తెలుసు. మా పెద్దమ్మ కూడా మతం మారుస్తారేమోనని భయపడింది. ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు. వాళ్లు దేవుడి మాట ఎత్తుతారు, కానీ ఎవరికి తోచిన దేవుడు వాళ్లకే. గోవిందా అనుకునేవాడు గోవిందా అనుకుంటాడు. చర్చివాళ్లు గది ఇచ్చారు కాబట్టి అక్కడ పెట్టుకున్నారు, అంతే. మరి మిగతావాళ్లం ఎందుకు ఇవ్వకూడదు? సాయంత్రం అయిదు దాటితే కార్పొరేషన్ బడుల్లో గదులు ఖాళీగానే ఉంటాయి. వారానికి రెండు రోజులు గంటన్నర సేపు కొద్దిపాటి అద్దెకు ఇవ్వమని కమిషనర్ గారిని కోరుతున్నాను. ఉచితంగా ఇస్తామన్నా వాళ్లు ఒప్పుకోరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణాలు ఉండాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఈలోగా మానాలనుకున్నవాడికి దారి చూపించడానికి ఏ పార్టీకీ అభ్యంతరం ఉండదు కదా. రుయా ఆస్పత్రి ఓపీ దగ్గర, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, ఆర్టీసీ బస్టాండులో తెలుగులో ఒక్కో బోర్డు పెట్టొచ్చు. దాని మీద 14446, 14416 నంబర్లు పెద్దక్షరాల్లో రాయించాలి. మొదటిది మత్తు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు. రెండోది టెలీ మానస్, మానసిక సమస్యల కోసం. ప్రతి మందు దుకాణం గోడ మీద కూడా ఆ నంబర్లు ఉండాలని లైసెన్సులోనే షరతు పెడితే ఇంకా మంచిది.

ఇంట్లో వాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయి. వాటి సమాచారం కూడా బోర్డు మీద చేర్చాలి. భర్త తాగొచ్చాడని పక్కింట్లో చెప్పుకోలేని ఆడవాళ్లు అక్కడైనా నోరు విప్పుతారు. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ఆస్పత్రుల్లోనూ ఇవే బోర్డులు కావాలి. మీటింగు అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతే పల్లెలవాళ్లు రెండోసారి రారు, కాబట్టి గది ఇచ్చేటప్పుడు బస్సుల టైము కూడా చూసి ఇవ్వమని అధికారులకు నా మనవి.

నా పేరు వేస్తే మా తమ్ముడెవరో తెలిసిపోతుంది. అందుకని వేయవద్దు.

ఒక అక్క,
కొర్లగుంట, తిరుపతి