పేరు మారినా సెట్టింగ్ పోకూడదు

సంపాదకులకు నమస్కారం.

అప్‌డేట్ రాగానే వాడుకరి ఏరికోరి పెట్టుకున్న సెట్టింగులు మళ్లీ మొదటికొచ్చాయంటే, చాలాసార్లు కారణం వాటి పేర్లు మార్చడమే. ప్రోగ్రాం కొత్త పేరు కోసం వెతుకుతుంది, దొరకదు, డిఫాల్ట్ విలువ (తయారీదారు ముందే పెట్టినది) వేసేసుకుంటుంది. పాత ఫైల్‌లో ‘అక్షరాల సైజు 18’ అలాగే ఉంటుంది, చదివే దిక్కుండదు.

డెవలపర్లు ముందు కొత్త పేరు చూడాలి, లేకపోతే పాతది, రెండూ లేకుంటేనే డిఫాల్ట్. డిఫాల్ట్ ముందే నింపేస్తే పాత పేరు దాకా వెళ్లనే వెళ్లదు. ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనూ అంతే: పాత పేరును మారుపేరుగా ప్రకటించే లైను, కొత్త వేరియబుల్ (సెట్టింగ్ విలువను ఉంచే పేరు) నిర్వచనానికి పైనే ఉండాలి. ‘దాచు’ అనే సెట్టింగును ‘చూపు’గా మారిస్తే విలువనూ తిరగేయాలి (‘అవును’ ఉంటే ‘కాదు’ అని), తరచూ మరిచిపోయేది ఇదే. పాత విలువను వెంటనే చెరిపేయకండి, వెనకటి వెర్షన్‌కు వెళ్లేవారికి అదే ఆధారం.

— ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్