గున్నను అమ్మేస్తున్నాను

అందరికీ నమస్కారం. జులై స్కూల్ సెలవులకు మా క్యాంపర్ వ్యాన్ గున్నను బుక్ చేసుకున్న ఐదు కుటుంబాలకూ అడ్వాన్సు మొత్తం వెనక్కి వేసేశాను. అకౌంట్‌లో పడిందో లేదో ఒకసారి చూసుకోండి. బదులుగా వేరే బండి ఇస్తానని ఎవరికీ సర్దిచెప్పలేదు. మిగిలిన రెండు టొయోటా హైయేస్ వ్యాన్లూ టూ వీల్ డ్రైవే, రువాపెహు కొండ మీదికి మంచులో వాటిని నేనే పంపను. గున్న ఇక అద్దెకు తిరగదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం: గున్న అంటే మా 1998 మోడల్ మిత్సుబిషి డెలికా స్పేస్ గేర్. 2.8 లీటర్ టర్బో డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, వెనక నేను ప్లైవుడ్‌తో కట్టిన పడక, డిక్కీ తలుపు ఎత్తితే వంటిల్లు. 2017లో ఒక్క ఈ బండితోనే ఆక్లండ్‌లో అద్దెలు మొదలుపెట్టాను. ఏనుగు పిల్లలా ఉందని ఆ పేరు పెట్టింది మీలోనే ఒకరి పాప.

పాపటోయ్‌టోయ్‌లో కిరాణా కొట్టు దగ్గర ఒకాయన ఎదురై, "దుకాణం ఎత్తేస్తున్నావటగా" అని పరామర్శించారు. ఎత్తేయడం లేదండీ. ఇంకొందరు టాయిలెట్ రూలు వల్ల అమ్ముతున్నాననుకుంటున్నారు. అదీ కాదు. 2023లో చట్టం మారింది. సెల్ఫ్ కంటైన్డ్ అని, అంటే నీళ్లూ టాయిలెట్టూ బండిలోనే ఉన్నాయని, సర్టిఫికెట్ కావాలంటే బండిలో టాయిలెట్ బిగించే ఉండాలి, ఎత్తి బయటపెట్టే డబ్బా చెల్లదు. అద్దె బళ్లకు 2024 డిసెంబరు 7 నుంచి అది ఖాయమైంది. హైయేస్‌లకు చేయించాను, ఆకుపచ్చ స్టిక్కర్ వచ్చింది. గున్నలో టాయిలెట్ బిగించాలంటే పడక పీకెయ్యాలి, పడక పీకాక అది క్యాంపర్ ఎందుకవుతుంది? అందుకని సర్టిఫికెట్ వదిలేసుకుని, హాలిడే పార్కుల్లో, డబ్బు కట్టే క్యాంప్‌సైట్లలో మాత్రమే ఉండండని చెప్పి ఇస్తూ వచ్చాను. మీరూ సర్దుకున్నారు. ఇంకో రెండు మూడేళ్లు అలాగే నడిచేది.

అసలు సంగతి ఉగాదికి రెండు రోజుల ముందు జరిగింది.

అద్దె బండి కాబట్టి ఆరు నెలలకోసారి సీఓఎఫ్ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్ష. ఎప్పుడూ బల్బో, వైపర్ బ్లేడో రాసి పంపేవాళ్లు. ఈసారి ఇన్‌స్పెక్టర్ గున్నను లిఫ్ట్ మీదికి ఎక్కించి, టార్చి వేసుకుని కిందంతా చూశాడు. వెనక కుడి చక్రం దగ్గర ఆగాడు. వేలి కణుపుతో తట్టాడు. మళ్లీ తట్టాడు. పెచ్చు ఒకటి ఊడి కిందపడింది. అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. గట్టిగా కూడా కాదు. అప్పడంలోకి వేలు దిగినట్టు చాసిస్ పట్టీలోకి దిగిపోయింది.

ఆయన నన్ను పిలిచి, ఆ ఊడిన పెచ్చు నా అరచేతిలో పెట్టాడు. ఒక వైపు నల్లగా, నున్నగా, కొత్త తారురోడ్డులా మెరుస్తోంది. తిప్పితే ఇటుక రంగు తుప్పు, దాంట్లో అంటుకుపోయి తెల్లటి ఇసుక రేణువులు. నేను ఆ ఇసుక వైపు చాలాసేపు చూశాను. అది ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ తారు గురించి చెప్పాలి.

2021లో గున్నకు కింద అండర్‌సీల్, అంటే తుప్పు పట్టకుండా వేసే పూత, చేయించాను. 1,450 డాలర్లు, కోవిడ్ దెబ్బకు అద్దెలు లేని రోజుల్లో. నేను అడిగింది తారు కాదు. ముందు కిందంతా మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, ఉన్న తుప్పు గీకి, ఆ తర్వాత లానోలిన్ కొట్టమన్నాను. లానోలిన్ అంటే గొర్రె ఊలు జిడ్డు, ఈ దేశంలో దానికేం కరువు? అది గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది, కింద ఏం జరుగుతోందో కనపడుతూనే ఉంటుంది. ఏడాదికోసారి మళ్లీ కొట్టించుకోవాలి, అంతే. తారు అలా కాదు. శుభ్రమైన, పొడి ఇనుము మీద అయితే మంచిదే. ఉప్పూ తడీ ఉన్న ఇనుము మీద పూస్తే మాత్రం మూత పెట్టి ఉడకబెట్టినట్టే. తడి బయటికి పోదు, పై నుంచి చూస్తే నిగనిగలాడుతుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటుంది.

వాళ్లు పొద్దున తొమ్మిదింటికి బండి తీసుకుని సాయంత్రం నాలుగున్నరకు ఇచ్చేశారు. రెండు రోజులు ఆరబెట్టాలన్నవాడిని, అప్పుడే అనుమానం రావాలి. వచ్చింది కూడా. "మా దగ్గర వేడిగాలి మిషన్ ఉంది, ఆరిపోయింది" అన్నారు. కింద చూస్తే నల్లగా, కొత్త పెళ్లికొడుకు బూట్లలా ఉంది. లానోలిన్ నల్లగా ఉండదు కదా అని అడిగితే, "ఇది ఇంకా మంచి క్వాలిటీ, అదే రేటుకు ఇచ్చాం" అన్నారు. థాంక్స్ కూడా చెప్పి వచ్చాను. మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపాడు. మొన్న ఫోన్‌లో ఇదంతా చెబితే, "తడి మీద తారు పూస్తారట్రా ఎవరైనా? నువ్వు పక్కనే నిలబడలేదా?" అన్నాడు. నిలబడలేదు. కాఫీ తాగడానికి వెళ్లాను.

మొన్న ఆ పెచ్చు పట్టుకుని వాళ్ల దగ్గరికే వెళ్లాను. ఓనరు మారాడు, పాత బిల్లులతో మాకు సంబంధం లేదన్నారు. కౌంటర్ దగ్గర కుర్రాడు పెచ్చును చేత్తో ముట్టుకోను కూడా లేదు, "ఓల్డ్ వ్యాన్, మేట్" అన్నాడు. ముసలి బండేనయ్యా, నాకు తెలియదా? ఆ వర్క్‌షాప్ పేరు చెప్పమని నాకు ఫోన్లు చేయకండి, చెప్పను. చిన్న తగాదాలు తేల్చే డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. డబ్బు కోసం కాదు, ఆ "మేట్" అన్నందుకు వెళ్లాలని ఉంది.

ఇప్పుడు ఇసుక సంగతి. ఇది రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఈ జనవరిలో సంక్రాంతి సెలవులకు ఒక కుటుంబం గున్నను నార్త్‌ల్యాండ్ తీసుకెళ్లింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. తిరిగి ఇచ్చినప్పుడు వెనక చక్రం లోపల నాకు ఇసుక కనపడింది. మన అగ్రిమెంట్లో నైంటీ మైల్ బీచ్ మీద నడపకూడదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వాళ్లు "అహిపారాలో పార్కింగ్‌లోనే ఆపాం, పిల్లల కాళ్లకు అంటుకున్న ఇసుక" అన్నారు. నేను నమ్మలేదు. 750 డాలర్ల బాండ్‌లో (డిపాజిట్‌లో) 400 పట్టుకున్నాను. మర్యాదగానే పట్టుకున్నాననుకున్నాను. ఆ ఇంటి పెద్దాయన, రిటైరయిన మాస్టారు, ఫోన్ తీసుకుని, "బాబూ, డబ్బు నువ్వే ఉంచుకో. అబద్ధం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకో" అన్నారు. నేను "రూలు రూలేనండి" అన్నాను.

ఆ పెచ్చులో ఇసుక తారుకి పైన లేదు, కింద ఉంది. అంటే 2021కి ముందు చేరిన ఇసుక. ఆ బండిని బీచ్ మీద నడిపింది ఎవరో నాకు బాగా తెలుసు. నేనే. 2018 డిసెంబరులో అమ్మానాన్న వచ్చినప్పుడు. "సముద్రం పక్కన బస్సు నడిపాను గానీ సముద్రం ఇసుకలో ఎప్పుడూ పోలేదురా" అన్నాడు నాన్న. పేరుకు తొంభై మైళ్లు, నిజానికి 88 కిలోమీటర్లే అని చెప్పి వైపాపకౌరి దగ్గర దిగాం. ఆటు చూసుకుని, ఫోర్ వీల్ గేరు (4హెచ్) వేసి, తడి ఇసుక మీద నడుపుకుంటూ పోయాం. చివర తె పాకి వాగులో ఎక్కడా ఆపకూడదు, ఆగితే ఇసుక లాగేస్తుంది. అక్కడ నాన్న ఊపిరి బిగపట్టి డాష్‌బోర్డు పట్టుకున్నాడు, జీవితమంతా డ్రైవరైన మనిషి. ఒడ్డెక్కాక పెట్రోల్ బంకులో ఐదు డాలర్ల నీళ్లు కొట్టి కడిగేశాననుకున్నాను. ఆ రూలు అగ్రిమెంట్లో రాసింది ఆ ట్రిప్ తర్వాతే.

అంటే ఉప్పు నాది, దాని మీద మూత వాళ్లది. మధ్యలో మాట పడింది ఆ కుటుంబం. 400 తిరిగి వేశాను, ఇంటికి వెళ్లి మాస్టారి కొడుక్కీ కోడలికీ ముఖాముఖి క్షమాపణ చెప్పాను. మాస్టారు తెనాలి వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో కనపడి, "సరేలే బాబూ, బండి ఏమైంది?" అని అడిగారు. బండి గురించి అడగకపోయినా బాగుండేది. అబద్ధం అన్న ఆ మాటను ఇక్కడ అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాను: వాళ్లు అబద్ధం చెప్పలేదు.

ఇక అమ్మకం. వెల్డింగ్‌కి ఎస్టిమేట్ 7,800. అంత పెట్టాక బండి విలువ అంతే ఉంటుంది. వ్రెకర్ (పాత బళ్లు విడగొట్టి అమ్మేవాడు) 1,500 ఇస్తానన్నాడు, ఇంజన్ కోసం. నేను ఏం చేయాలో తెలియక పదకొండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ మధ్యలోనే ఒక కుర్రాడు, సౌత్ ఐలండ్ చుట్టిరావాలని, 9,000 క్యాష్ తీసుకుని ఇంటికి వచ్చాడు. ఎలా తెలిసిందో తెలియదు. స్లైడింగ్ డోర్ తీశాడు, పడక మీద పడుకున్నాడు, పైకప్పు అద్దాల్లోంచి ఆకాశం చూశాడు. కిందకి వంగి ఒక్కసారి కూడా చూడలేదు. నా ఫ్రెండు పక్కనే ఉండి సైగ చేస్తున్నాడు: నోరు మూసుకో.

మూసుకున్నాను, ఒక అరగంట. అబద్ధం చెప్పడానికి ఏం లేదు, అడగలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కుర్రాడు వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి, "అమ్మా, ఇదిగో ఇల్లు" అని చూపించాడు. ఆవిడ, "బ్రేకులు బావున్నాయా అని అడుగు నాన్నా" అంది. బ్రేకులు బావున్నాయి. బ్రేకుల కింద పట్టుకునే ఇనుమే లేదు. అప్పుడు ఆ ఫెయిలైన సీఓఎఫ్ కాగితం తెచ్చి చేతిలో పెట్టాను. కుర్రాడు వెళ్లిపోయాడు. నా ఫ్రెండు రెండు రోజులు మాట్లాడలేదు. పైగా నేను వ్యాపారంగా అమ్మేవాడిని కాబట్టి 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ యాక్ట్ నా మెడకు ఉండనే ఉంది, దాచినా నెల తిరక్కుండా నా గుమ్మం ముందుకే వచ్చేది. కానీ ఆ క్షణంలో నాకు చట్టం గుర్తుకురాలేదు, ఆవిడ గొంతే వినపడింది.

ధర 4,500. తుప్పు ఫోటోలు, ఫెయిలైన కాగితం, 2021 బిల్లు అన్నీ చూపించాకే డబ్బు తీసుకుంటాను. సీఓఎఫ్ లేకుండా కొంటున్నట్టు మీరు రాసి సంతకం చేయాలి. రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ కుదరదు, మా యార్డులో స్టార్ట్ చేసి చూసుకోవచ్చు, ట్రక్కు మీదే తీసుకెళ్లాలి. మీటరు 2,87,400. రోడ్ యూజర్ చార్జీ (కిలోమీటర్ల లెక్కన ముందే కట్టే రోడ్డు పన్ను) 2,89,000 వరకు కట్టి ఉంది, డీజిల్ బండికి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లని మీకు తెలుసు, అది బండితోనే వస్తుంది. ఇంజన్, గేర్‌బాక్స్, ఫోర్ వీల్ లివరు గురించి నేను పూచీ. వెల్డింగ్ చేతనైనవాళ్లు, లేదా అలాంటి బావమరిదో అన్నో ఉన్నవాళ్లు కొంటే మంచిది. రెండు వారాలు మీకే అవకాశం, ఆ తర్వాతే బయట పెడతాను. వ్రెకర్‌కి మాత్రం ఇవ్వను, అమ్ముడుపోకపోతే మా పెరట్లోనే ఉంటుంది. మా ఆవిడకు ఈ మాట ఇంకా చెప్పలేదు.

దాని స్థానంలో డెలికా డీ5 చూస్తున్నాను. పెట్రోల్, లో రేంజ్ గేరు లేదు, మంచు రోడ్డుకి చాలు. సెప్టెంబరులోపు తేలుస్తాను. కొనే ముందు కింద పడుకుని నేనే చూస్తాను, అండర్‌సీల్ కొడుతుంటే అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంటాను. బీచ్ రూలు అలాగే ఉంటుంది, నాతో సహా. బాండ్ పట్టుకోవాల్సి వస్తే ముందు ఫోటోలు మీకు పంపి, మీ మాట విన్నాకే.

సీట్లు పీకి ఊడుస్తుంటే దొరికినవి: ఒక పాప వెండి పట్టీ, ఎడమ కాలిది. మోకాలి నొప్పుల నూనె సీసా, సగం ఉంది. కుక్కర్ వెయిట్ ఒకటి, అది లేకుండా ఇంటికెళ్లి ఏం చేశారో తెలియదు. ఎవరి గృహప్రవేశానికో పంచిన స్టీలు గ్లాసు, పేరు అరిగిపోయింది. మీవైతే శనివారం పదింటి తర్వాత వచ్చి తీసుకెళ్లండి.