జాజ్ స్టార్ హోటళ్ళది కాదు, బ్యాండు మేళం వాళ్ళది

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినోత్సవం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. కానీ జాజ్ అంటే స్టార్ హోటళ్ళలో డబ్బున్నవాళ్ళు వినే సంగీతమనీ, మన పల్లెలకు దానితో ఏ సంబంధమూ లేదనీ రాశారే, అది నాకు మింగుడు పడలేదు.

మాది కోనసీమ, రావులపాలెం పక్క పల్లె. మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. నేను పదో తరగతి అయ్యాక సైన్యంలో చేరి, బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో లెబనాన్ వెళ్ళినప్పుడు అక్కడ ఒక జాజ్ బ్యాండులో వాయించాను. పెద్ద వాయిద్యకారుణ్ణేం కాదు. డ్యూటీ అయ్యాక గ్రీజు చేతులు కడుక్కుని క్లారినెట్ పట్టుకునేవాణ్ణి, అంతే.

దక్షిణ లెబనాన్‌లో ఐరాస దళం 1978లో అడుగుపెట్టింది. 1998 చివర్లో నార్వే బెటాలియన్ వెళ్ళిపోతే ఆ జాగాలోకి మన బెటాలియన్ వెళ్ళింది. 2000 మే నెలలో ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి మళ్ళాక దళాన్ని బాగా కుదించారు. నేను వెళ్ళేనాటికి అందరం కలిపి సుమారు రెండు వేల మందిమి. తూర్పున కొండల్లో మనవాళ్ళు, పడమర ఘనా వాళ్ళు. సామాన్ల సరఫరా పోలండ్ వాళ్ళది, మందుపాతరలు తీసే ఇంజనీర్లు యుక్రెయిన్ వాళ్ళు, హెలికాప్టర్లు ఇటలీ వాళ్ళవి. బండ్ల విడిభాగాల పని మీద నన్ను సముద్రం ఒడ్డున ఉన్న నఖూరా హెడ్‌క్వార్టర్స్‌లో కొన్నాళ్ళు పెట్టారు. టైర్ పట్టణం నుంచి అక్కడికి వచ్చే దారిలో అటూ ఇటూ అరటి తోటలు. రావులపాలెం వాడికి పరాయి దేశంలో అరటి తోటలు కనబడితే ఇక ఆ పూట మనసు డ్యూటీ మీద ఏం నిలుస్తుంది!

నా కిట్‌లో నాన్న క్లారినెట్ ఉండేది. మీరట్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు జాలీ కోఠీ బజారులో నేనే కొని ఆయనకి పంపాను. ఆయన పోయాక మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఒక సాయంత్రం వర్క్‌షాపు వెనక అది వాయిస్తుంటే ఘనా సార్జెంటు ఒకాయన ట్రంపెట్ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయన పగలు లారీల లెక్క చూస్తాడు, ట్రంపెట్ బడిలో ఉన్నప్పుడు అక్కడి బ్యాండులో నేర్చుకున్నాడట. పోలండ్ ఎలక్ట్రీషియన్ ఒకడికి బేస్ గిటార్ ఉంది. హెలికాప్టర్ల దగ్గర పనిచేసే ఇటలీ కుర్రాడికి శాక్సాఫోన్ వచ్చు. యుక్రెయిన్ ఇంజనీరు ఒకతను డ్రమ్ములు వాయిస్తానన్నాడు. డ్రమ్ములంటే ఒక సైడ్ డ్రమ్ము, అంచు చిట్లిన తాళం ఒకటి. అదీ మా బ్యాండు. మా బెటాలియన్ పైపు బ్యాండుతో దీనికేం సంబంధం లేదు. ఎవరూ పెట్టమనలేదు, పై నుంచి ఆర్డరేమీ రాలేదు.

సార్జెంటు మొదట నేర్పింది బ్లూస్, అంటే జాజ్‌కి వేరు లాంటి అమెరికా నల్లవాళ్ళ పాట బాణీ. పన్నెండు ఆవర్తాల చిన్న చట్రం, అందులో మూడే మూడు స్వర సమూహాలు తిరుగుతుంటాయి. గంటలో ఎవరికైనా పట్టుబడుతుంది, కానీ దాని మీద జన్మంతా వాయించవచ్చు. నేను పెళ్ళి ఊరేగింపులో వాయించినట్టు మొదటి నుంచి చివరి దాకా ఊపిరి బిగబట్టి గట్టిగా వాయించేశాను. ఆయన అరచెయ్యి ఎత్తి ఆపాడు. ట్రంపెట్ ఒక మాట అడుగుతుంది, నువ్వు జవాబు చెప్పు, మధ్యలో నోరు మూసుకో అన్నాడు. ఆ మాట వింటే నాకు మా మేళమే గుర్తొచ్చింది. మా నాన్న పల్లవి ఎత్తుకునేవాడు, మిగతా వాళ్ళు దాన్నే తిరిగి అందుకునేవాళ్ళు. నాన్న మధ్యలో సొంతంగా ఏవో సంగతులు వేసి, సరిగ్గా తాళం మొదటి దెబ్బకి, సమానికి వచ్చి కలిసేవాడు. ఎవరూ కాగితం చూసి వాయించేవాళ్ళు కాదు.

తాళం దగ్గరే తిప్పలు పడ్డాం. మనకి దెబ్బ ఒకటి మీద పడాలి. వాళ్ళకి రెండు, నాలుగు మీద చప్పట్లు. యుక్రెయిన్ అతను పెరేడ్ గ్రౌండ్‌లో లెఫ్ట్ రైట్ కొట్టినట్టు కొట్టేవాడు. సార్జెంటు పళ్ళు కొరుక్కుని, ఇది కవాతు కాదు బాబూ, జీతం అందుకుని ఇంటికి పోయేవాడి నడక అని అతని ముందు నడిచి చూపించేవాడు. రెండో దెబ్బకి మోకాలు కాస్త వంచి నడిచేవాడు. వారం పది రోజులకి యుక్రెయిన్ అతని చెయ్యి వదులైంది. నా కాలు కూడా.

నా క్లారినెట్ చూసి ఇటలీ కుర్రాడు నవ్వాడు. అది పాత పద్ధతిది, కీలు తక్కువ, రంధ్రాలు వెడల్పు. ఇప్పుడు యూరప్‌లో అలాంటివి ఎవరూ పెద్దగా పట్టుకోరు. సార్జెంటు మాత్రం నవ్వలేదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో సిడ్నీ బెషే, జానీ డాడ్స్ లాంటి పాతకాలం వాళ్ళు వాయించింది ఈ ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్లే అని ఆయనకి తెలుసు. రంధ్రం వెడల్పుగా ఉంటే వేలు ఒక్కసారి ఎత్తనక్కర్లేదు, అంచు నుంచి మెల్లగా జారిస్తే స్వరం కిందనుంచి పైకి పాకుతుంది. అప్పగింతల వేళ నాన్న అలాగే గాంధారాన్ని, అంటే సరిగమల్లో 'గ'ని లాగేవాడు. అది అటు చిన్న గాంధారమూ కాదు, ఇటు పెద్దదీ కాదు, రెంటికీ నడుమ ఎక్కడో ఆగి ఏడిపించేది. బ్లూస్‌లో వాళ్ళు ప్రాణం పెట్టేది కూడా సరిగ్గా అక్కడే. అప్పగింతల్లోలా ఒకసారి లాగి చూపించాను. సార్జెంటు ట్రంపెట్ కిందికి దించి, ఇది నీకు ఎవరు నేర్పారు అని అడిగాడు.

వాళ్ళ దేశం కథ ఒకటి ఆయనే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జాక్ లెపర్డ్ అనే స్కాట్లండ్ సార్జెంటు ఘనా రాజధాని అక్రాలో డ్యూటీలో ఉండేవాడట. శాక్సాఫోన్ వాయిస్తాడు. పొద్దుపోక అక్కడి నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలిపి 'బ్లాక్ అండ్ వైట్ స్పాట్స్' అనే బ్యాండు కట్టాడు. అందులో వాయించిన ఇ.టి. మెన్సా అనే స్థానిక కుర్రాడు తర్వాత 'టెంపోస్' బ్యాండుకి నాయకుడై హైలైఫ్ అనే వాళ్ళ డ్యాన్స్ సంగీతానికి పశ్చిమాఫ్రికా అంతటా పేరు తెచ్చాడు. 1956లో జాజ్ ట్రంపెట్‌కి పెట్టింది పేరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు అక్రా వచ్చి మెన్సాతో కలిసి వాయించాడు. ఇందులో హోటలు ఎక్కడుంది సార్? డ్యూటీ అయిపోయిన సిపాయిలు ఉన్నారు, బడి బ్యాండుల్లో నేర్చుకున్న పిల్లలు ఉన్నారు.

ఆ తర్వాత నేనూ కొంత చదువుకున్నాను. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ పుట్టిందే వీధి ఊరేగింపుల బ్యాండుల్లో, శవయాత్రల్లో. సముద్రం దాటించిన వాళ్ళలో ముందు వరస సైనికులదే. 1918 జనవరి 1న ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవులో దిగిన అమెరికా నల్లజాతి రెజిమెంటు బ్యాండుని నడిపింది లెఫ్టినెంట్ జేమ్స్ రీస్ యూరప్. క్లారినెట్ వాళ్ళు చాలక ప్యూర్టో రికో దాకా వెళ్ళి ఏరుకొచ్చాడాయన. ఆ రెజిమెంటుని అమెరికా సైన్యం తన పక్కన నిలబెట్టుకోవడానికి ఒప్పుకోక ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. తర్వాత జాజ్ పియానోలో పెద్ద పేరు తెచ్చుకున్న డేవ్ బ్రూబెక్ 1944లో మామూలు రైఫిల్ సిపాయిగా ఫ్రాన్సులో ఉన్నాడు. రెడ్‌క్రాస్ వాళ్ళ ప్రోగ్రాంకి పియానో వాయించేవాడు కావాలంటే చెయ్యెత్తాడు. అది విన్న కర్నల్ అతన్ని యుద్ధరంగానికి పంపకుండా బ్యాండు కట్టమన్నాడు. సైన్యంలో నల్లవాళ్ళని వేరే ఉంచే ఆ రోజుల్లో బ్రూబెక్ బ్యాండులో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించారు. ఆ వేరుపాటు తీసేయమని ప్రెసిడెంటు ఆర్డరు వచ్చింది 1948లో. మీ వ్యాసంలో బ్రూబెక్ ఫోటో ఉంది కానీ ఆయన సిపాయి అన్న సంగతి లేదు.

మా బ్యాండు గొప్పగా వాయించిందని చెప్పను. డ్యూటీ చార్టుని బట్టి బ్యాండు మారిపోయేది. ఇటలీ కుర్రాడికి స్టాండ్‌బై పడితే శాక్సాఫోన్ ఉండదు, నాకు కొండ మీద బండి చెడితే క్లారినెట్ ఉండదు. జనరేటర్ గుయ్యిమని ఒకే స్వరం పట్టి ఉంచేది, దాన్నే శ్రుతి చేసుకుని సర్దుకునేవాళ్ళం. ఎండాకాలం పొడిగాలికి రీడ్లు, అంటే క్లారినెట్ ఊదే చోట ఉండే పల్చటి రెల్లు ముక్కలు, పగిలిపోయేవి. వాయించే ముందు టీ గ్లాసులో నానబెట్టేవాణ్ణి. పోలండ్ వాడు అది చూసి మొహం చిట్లించేవాడు, తర్వాత్తర్వాత తనే నాకు టీ తెచ్చిపెట్టేవాడు.

ఒకసారి మన బెటాలియన్‌లో అందరూ కలిసి తినే విందు, బడాఖానాకి మమ్మల్ని పిలిచారు. మా సుబేదార్ సాబ్ ఒకాయన ముందు, పెళ్ళి బ్యాండు తీసుకొచ్చావేంట్రా అన్నాడు. అవును సాబ్, పెళ్ళి బ్యాండే అన్నాను. ఊళ్ళో ఊరేగింపుల్లో మా మేళం వాయించే పాత సినిమా పాట ఒకటి బ్లూస్ చట్రంలోకి ఒదిగించి వాయించాం. తెలుగు జవాన్లు రెండో లైనుకే ఈలలు మొదలెట్టారు. సార్జెంటు ఆ పాటని నాకంటే బాగా వాయించాడు, కాస్త కుళ్ళుకున్నాను కూడా. భోజనాలప్పుడు మా ఐదుగురికీ ఆఫీసర్ల పక్కన కుర్చీలు వేశారు. మా నాన్న నలభై ఏళ్ళు మేళం వాయించాడు. పెళ్ళిలో ఆయనకి కుర్చీ వేసినవాళ్ళు లేరు, ఆఖరి పంక్తిలో, అదీ పందిరి బయట విస్తరి వేసేవాళ్ళు. జాజ్ పుట్టించిన నల్లవాళ్ళు కూడా పెద్ద హోటళ్ళలో వాయించడానికి వెనక తలుపు నుంచే వెళ్ళేవాళ్ళు. మీ వ్యాసంలో ఆ హోటళ్ళు కనబడ్డాయి, ఆ వెనక తలుపు కనబడలేదు.

ఒక్కో దేశం వాళ్ళకీ ఇంటికి మళ్ళే రొటేషన్ ఒక్కో నెలలో వస్తుంది కాబట్టి మా బ్యాండు ఒక్కొక్కరుగా తగ్గిపోయింది. అది మామూలే.

నా బాధ వేరే ఉంది. మా చుట్టుపక్కల మేళాలు ఇప్పుడు మూలన పడ్డాయి. ఊరేగింపుకి డీజే బండి వస్తుంది. క్లారినెట్, ట్రంపెట్ వాయించే మంచి చేతులు ఆటోలు తోలుతున్నాయి, కొబ్బరికాయలు వలుస్తున్నాయి. మన ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో వీణ, వయొలిన్, మృదంగంతో పాటు నాదస్వరం, డోలు కూడా నేర్పుతారు, సంతోషం. బ్యాండు వాయిద్యాలకి మాత్రం చోటు లేదు. శాక్సాఫోన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాలనాథ్‌కి ఆ వాయిద్యం మీద మనసు పడింది మైసూరు ప్యాలెస్ బ్యాండుని చూసే కదా! సాయంత్రం పూట ఒక క్లాసు పెట్టి, మేళాల్లో మిగిలిన పెద్దవాళ్ళని గురువులుగా పెడితే ఖజానాకి పెద్ద ఖర్చేం కాదు. వాళ్ళకి సర్టిఫికెట్లు లేవని అంటారు. ఘనా సార్జెంటుకీ లేవు.

మీకు నమ్మకం కలగకపోతే శ్రావణ మాసం ముహూర్తాలకి మీ విలేకరిని మా ఊరు పంపండి. మిగిలిన మేళం వాళ్ళని నేను పోగుచేస్తాను, నాన్న క్లారినెట్ నేనే వాయిస్తాను, రీడ్లు కూడా కొత్తవి తెప్పించాను. ఆ గంటసేపు డీజే ఆపించే పూచీ మాత్రం మీ పత్రికదే.

ఇట్లు,
మాజీ హవల్దారు (ఈఎంఈ),
రావులపాలెం మండలం, కోనసీమ