పండ్ల బండ్ల దగ్గర కత్తినీ తనిఖీ చేయాలి

సంపాదకులకు,

ఎండలు ముదిరేసరికి పుచ్చకాయలకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తున్నారన్న వీడియోలు సెల్‌ఫోన్లలో తిరగడం ఏటా చూస్తున్నాం. 2025 వేసవిలో తమిళనాడులో ఇటువంటి ప్రచారంతోనే కొనేవారు వెనుకంజ వేయగా ధరలు పడిపోయి రైతులు నష్టపోయారు. పుచ్చకాయ లోపల గుజ్జు నిండుగా ఉంటుంది కనుక సూదితో పంపిన రంగు కాయంతా సమానంగా పాకదు. పైగా తొక్కకు రంధ్రం పడిన కాయ త్వరగా కుళ్లిపోతుంది. లారీలో దూరం నుంచి తెచ్చి, బండి మీద రోజుల తరబడి ఎండలో నిలపవలసిన సరుకును ఏ వ్యాపారి అయినా చేజేతులా ఎందుకు పాడుచేసుకుంటాడు? నడుమ బీటలు వారిన కాయను చూసి మందుల ప్రభావమని భయపడేవారూ ఉన్నారు. పూత దశలో పరాగసంపర్కం సరిగా జరగకపోవడమే దానికి ప్రధాన కారణం; అటువంటి కాయను నిశ్చింతగా తినవచ్చు.

కొన్న కాయ చప్పగా ఉండడానికి సాధారణంగా పచ్చి కోతే కారణం. మామిడి మాదిరిగా పుచ్చకాయ కోశాక మాగదు. తీగ మీద ఎంత తీపి పట్టిందో అంతే, ఇంట్లో వారం ఉంచినా పెరగదు. అయినా గిరాకీ మీద ఉన్న మొదటి రోజుల్లో మంచి ధర కోసం తొందరపడి కోసిన కాయలు మార్కెట్‌కు వస్తూనే ఉంటాయి. వాటిని పైనుంచే గుర్తుపట్టవచ్చు. కాయ నేలకు ఆనిన చోట ఉండే మచ్చ వెన్నలాంటి పసుపు రంగుకు తిరిగితే పండినట్టు, తెల్లగానో లేతాకుపచ్చగానో ఉంటే ఇంకా పచ్చిదే అన్నట్టు. పండిన కాయకు తొక్క మీది నిగనిగ తగ్గుతుంది. తట్టినప్పుడు ఖంగున మోగేది పచ్చికాయ, లోతుగా గుమ్మని పలికేది పండు, మొద్దుగా పలికేది మగ్గిపోయినది. అయితే ఈ చప్పుడును పోల్చుకోవడానికి చెవి అలవాటు పడాలి. అందరూ తట్టి చూస్తారు గాని తేడా తెలిసేది కొందరికే. నా మటుకు మచ్చనే ఎక్కువ నమ్ముతాను. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిలో బరువైనదాన్ని తీసుకోవడం కూడా మంచిదే.

ఖర్బూజా సంగతి వేరు. వలలాంటి తొక్క గల రకాల్లో పండు ముదిరితే తొడిమ దానంతట అదే ఊడి, అక్కడ నున్నని గుంట మిగులుతుంది. కత్తితో కోసిన తొడిమ ఇంకా అంటుకుని ఉంటే అది ముందే కోసిన కాయ కావచ్చు. అది ఇంట్లో మెత్తబడుతుంది, వాసనా వస్తుంది, తీపి మాత్రం పెరగదు.

ఇంతకంటే ముఖ్యమైనది కోత. పుచ్చ, ఖర్బూజాల గుజ్జులో పులుపు చాలా తక్కువ కనుక సూక్ష్మక్రిములు అందులో సులువుగా పెరుగుతాయి. కడగని తొక్క మీది మట్టిని కత్తి నేరుగా గుజ్జులోకి తీసుకుపోతుంది. 2011లో అమెరికాలో, కొలరాడోలోని ఒకే తోట నుంచి వెళ్లిన ఖర్బూజాల ద్వారా లిస్టీరియా అనే బ్యాక్టీరియా వ్యాపించి 147 మంది జబ్బుపడ్డారు, వారిలో 33 మంది మరణించారు. అందువల్ల కాయను ధారగా పడే నీటి కింద రుద్ది కడిగి, తుడిచి, శుభ్రమైన కత్తితోనే కోయాలి. నడిబొడ్డున తీపి ఎక్కువ కనుక పుచ్చకాయను నిలువు బద్దలుగా కోస్తే అందరికీ కొంత తియ్యని భాగం దక్కుతుంది, పిల్లల తగవూ తీరుతుంది. మిగిలిన ముక్కలకు మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో ఉంచాలి; మన ఎండల్లో బయట గంటకు మించి ఉంచడం క్షేమం కాదు. ఎరుపు చూపడానికి బండివారు గాటు పెట్టిన కాయకూ ఇదే వర్తిస్తుంది. ఇంటికి తీసుకుపోయేవారు గాటు పెట్టించకుండా కొనడమే మేలు.

ఈ నేపథ్యంలో వేసవిలో తనిఖీలకు వెళ్లే ఆహార భద్రతా సిబ్బంది రంగు కోసం దూదితో రుద్ది చూడడంతోనే సరిపెట్టుకోకుండా కత్తి, పలక, ముక్కల మీద పరిచే ఐసు, వాటికి వాడే నీరు కూడా పరిశీలించాలని కోరుతున్నాను. అలాగని నీళ్లే అందని చోట రోజంతా నిలబడే బండివారికి జరిమానా వేయడం న్యాయం కాదు. పండ్ల బండ్లు బారులు తీరే కూడళ్లలో మున్సిపాలిటీలు వేసవి నెలలకైనా ఒక్కో కుళాయి ఏర్పాటు చేసి, ఆ తర్వాత ముక్కలకు మూత ఉన్న పెట్టెను తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు