గుండ్ల పేరులో నల్లచుక్కలు

ప్రొద్దుటూరు,
ఆదివారం రాత్రి

రేయ్ సీనా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతా. అమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి, చెల్లెలికి బీఎడ్ సీటు వచ్చింది, పెన్నలో నీళ్లొచ్చాయి. వార్తలయిపోయాయి. అసలు సంగతి విను, నాలుగు రోజులుగా కడుపులో ఆగడం లేదు.

దసరా ముందర కదా, మామ తన అంగట్లో నగలకు దగ్గరి ఫోటోలు తీయమన్నాడు, వాట్సాప్‌లో పెట్టడానికి. నేను ముచ్చటపడి కొన్న 100 ఎంఎం మాక్రో లెన్సు బీరువాలో మూలుగుతోందిగా, ఎగిరి గంతేసి ఒప్పుకున్నా. మొదటి నగ గుండ్ల పేరు, అదే బంగారు గుండ్ల దండ. తీసి కంప్యూటర్‌లో పెద్దది చేస్తే ఒక్కో గుండు మీద ఒక్కో నల్లచుక్క! నలభై గుండ్లు, నలభై చుక్కలు. మామ మొహం మాడిపోయింది. మెరుగు సరిగ్గా పెట్టలేదని ఆచారికి ఫోన్ చేసి, నీకు రాయలేని మాట ఒకటి అన్నాడు.

పాపం ఆయన పరుగున వచ్చి, పేరును కుంకుడుకాయ నీళ్లలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో గుండూ తోమి ఇచ్చాడు. తీశా. చుక్కలు. మళ్లీ తోమాడు. మళ్లీ చుక్కలు. గాలికి పేరు ఊగుతోందని ఫ్యాను కూడా ఆపేశాం, ముగ్గురికీ చెమటలు. చివరికి విసుగొచ్చి ట్రైపాడ్‌ను జానెడు పక్కకు జరిపితే చుక్కలూ జరిగాయి! అవి మసి కాదురా, నా లెన్సే. మెరుగు పెట్టిన గుండు అద్దమే కదా, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. అన్నిటికంటే పెద్ద గుండును ఇంకా పెద్దది చేస్తే ట్యూబులైటు, దాని కింద మామ బట్టతల, వెనకాల బ్రష్షు పట్టుకొని ఆచారి. మామ తప్పయిందన్నాడా? అనే రకమా! బజ్జీలు తెప్పించి ఆచారి పొట్లంలో రెండు ఎక్కువ వేయించాడు.

తర్వాత మామ తెల్లపంచెను గుడారంలా కట్టి, లెన్సుకు మాత్రం సందు వదిలి, లైట్లు బయటి నుంచి వేశా. చుక్క ఆవగింజంత అయింది. కానీ బంగారం చచ్చిపోయింది, అచ్చం పసుపు ముద్ద. నేను ఎఫ్ నంబర్లు (లెన్సు కన్ను ఎంత తెరవాలో చెప్పేవి) మారుస్తూ కూర్చున్నా. ఆచారి బజ్జీ చేయి తుడుచుకొని, నల్ల అట్టముక్క ఒకటి తెచ్చి పేరు పక్కన నిలబెట్టాడు. ప్రతి గుండు అంచునా సన్నటి నల్లగీత దిగింది. గుండు గుండయింది. "నలుపు లేకుంటే గుండ్రమని ఎట్ల తెలుస్తాదప్పా?" అన్నాడు. నేను డబ్బు కట్టిన ఆన్‌లైన్ కోర్సులో ఇది ఏడో పాఠంలో ఉందేమో, ఐదు దగ్గరే ఆపేశాగా.

ఈ లెన్సుతో నగను అసలు సైజులో తీస్తే ఎఫ్ 2.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరులో మూడో వంతే. ఎఫ్ 16కు పోతే రెండు మిల్లీమీటర్లు, అంతే. కమ్మలో ముందు రాయి కనబడితే వెనక రాయి పొగమంచు. దాని గోల ఇంకోసారి.

ఆఁ, ఉంగరం! 2023 ఏప్రిల్ నుంచి అమ్మే హాల్‌మార్క్ నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు కోడ్, ఉండాలి కదా, కొనేవాళ్లు అది కూడా ఫోటోలో చూపించమంటున్నారు. ఉంగరం లోపల వేస్తారు, కంటికి ఆనదు. ఎదురుగా లైటు కొడితే అంతా మెరుపే. హాస్టల్లో నీ ఉంగరం రాయి పోయినప్పుడు టార్చి నేల మీద పడుకోబెట్టి వెతికాం చూడు (దొరికింది శనక్కాయ పప్పు అనుకో), అట్లా పక్క నుంచి వేశా. అక్షరాలు లేచి నిలబడ్డాయి. నువ్వే గుర్తొచ్చావు. ఆ రాత్రి నువ్వు ఏడ్చింది రాయి కోసం కాదని నాకు తెలుసురా, అడగలేదంతే. ఇప్పుడు కూడా... సరే, వద్దులే.

ఆచారి చేతులు కూడా అదే లెన్సుతో ఒకటి తీశా, గోళ్ల సందుల్లో... ఉండు, మామ కేకలేస్తున్నాడు. గుడారం విప్పాలంట. రేపు అమ్మవారిశాల గుడికి ఆ పంచే కట్టుకోవాలంట.

నీ
రాముడు