వెండి పని నేర్చుకోవడానికి మన ఊళ్ళో చోటేదీ?

సంపాదకులు గారికి నమస్కారములు.

మీ పత్రికలో ప్రతి ఉదయం ధరల పట్టికలో కిలో వెండి ధర చూస్తుంటాను. ఆ ధర లక్ష రూపాయలు దాటిన నాటి నుంచి వెండి మీద వార్తలు, మదుపు సలహాలు తరచుగా వస్తున్నాయి. వాటి అవసరాన్ని నేను కాదనడం లేదు. అయితే ఆ వెండిని రేకుగా సాగగొట్టి గిన్నెగా, చెంబుగా, కుంకుమ భరిణెగా మలిచే పని గురించీ, ఆ పని నేడు లోకంలో ఎక్కడెక్కడ ఏ రూపాలు దిద్దుకుంటున్నదన్న సంగతి గురించీ మన భాషలో చదవడానికి దాదాపు ఏమీ దొరకడం లేదు. ఆ కొరతను మీ దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనందుకు మన్నించగలరు.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించి విరమణ పొందినదానిని. గత రెండేళ్ళుగా వారానికి మూడు సాయంత్రాలు పట్నం బజారు వెనుక ఒక చిన్న కొట్టులో, డెబ్బై ఏళ్ళు దాటిన ఆచారి గారి వద్ద వెండి పని నేర్చుకుంటున్నాను. ఈ వయసులో ఇదేమి కోరిక అని అడిగేవారికి చెప్పవలసిన కారణం ఒకటుంది. మా అమ్మాయి పెళ్ళికి వెండి సామాను కొనేటప్పుడు, మా అత్తగారి నుంచి వచ్చిన పన్నీరు బుడ్డిని నేనే పాత వెండి కింద ఒక దుకాణంలో ఇచ్చివేశాను. సన్నని మెడ, దాని చివర విచ్చుకున్న పువ్వు, పొట్ట మీద ఉబ్బెత్తుగా లేచిన మామిడి పిందెలు ఉన్న వస్తువు అది. అక్కడి మనిషి పువ్వును విరిచి, పొట్టను సుత్తితో అణచి, 312 గ్రాములని తూచి, తరుగు తీసి ధర కట్టాడు. దానికి బదులుగా నేను తెచ్చుకున్న దీపపు కుందులు అచ్చులో ఒత్తినవి. అచ్చంగా అలాంటివే ఆ అరలో మరి నలభై జతలు ఉన్నాయి. ఆ పన్నీరు బుడ్డికి ఎవరు ఎన్ని రోజులు కూర్చుని ఉంటారో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు కొంత తెలుసు.

ఆచారి గారు మొదటి ఆరు నెలలు నన్ను వెండి ముట్టుకోనివ్వలేదు. రాగి రేకు మీదే చేయి తిరగాలన్నారు. ఆ తరువాత ఒక మిల్లీమీటరు మందమున్న వెండి రేకును ఆరు అంగుళాల బిళ్ళగా కత్తిరించి, నాలుగు అంగుళాల మూతి ఉన్న గిన్నెగా లేపమన్నారు. బిళ్ళను ఇనుప మొన మీద వంచి పట్టుకుని, అడుగు దగ్గర మొదలుపెట్టి అంచు దాకా వలయాలు వలయాలుగా, ఒక దెబ్బ పక్కన మరొక దెబ్బ పడేలా సుత్తితో కొట్టుకుంటూ రావాలి. ఒక వరుస పూర్తయ్యేసరికి వెండి బిరుసెక్కుతుంది. దెబ్బలకు లోహపు స్ఫటికాలలోని పరమాణువుల అమరిక చెదిరి, వాటి పొరలు ఒకదానిపై ఒకటి తేలికగా జారలేని స్థితికి రావడమే దీనికి కారణమని నేను తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను గాని, ఆ బిరుసును మణికట్టుతో తెలుసుకున్నది ఆ కొట్టులోనే. అప్పటికీ ఆపకుండా కొడితే అంచు చీలుతుంది. ఒకనాడు నేను ఏమరుపాటుగా కొడుతుంటే ఆచారి గారు అవతల తీగ లాగుతూనే, తల ఎత్తకుండా, "టీచరు గారూ, చప్పుడు మారింది, వినపడలేదా? ఇక కాల్చండి" అన్నారు. నిజమే, మెత్తని వెండి మొద్దుగా పలుకుతుంది, బిరుసెక్కిన వెండి గణగణమంటుంది.

కాల్చేటప్పుడు దీపాలు ఆర్పేస్తారు. నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్న రేకును సుమారు 600 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే, లోపల కొత్త స్ఫటికాలు ఏర్పడి లోహం మళ్ళీ మెత్తబడుతుంది. ఆ వేడి దగ్గర వెండి మీద కనిపించేది మసక ఎరుపు మాత్రమే, అది పగటి వెలుతురులో కనిపించదు. ఎరుపు కాంతివంతమైతే పని చెడినట్టే. ఆ కొట్టులో ఉష్ణోగ్రత కొలిచే పరికరమేదీ లేదు. యాభై ఏళ్ళుగా కన్నే కొలత. ఆ తరువాత చల్లార్చి, పలుచని గంధకామ్లంలో వేస్తే, పైన ఏర్పడిన రాగి ఆక్సైడు కరిగిపోయి, పాలమీగడ వంటి తెల్లదనం బయటపడుతుంది. పైపొరలోని రాగి పోయి దాదాపు మేలిమి వెండి మిగలడం వల్ల వచ్చే తెలుపు అది. నా చిన్న గిన్నెకు ఇలా పదకొండు సార్లు కాల్చవలసి వచ్చింది. చేయి తిరిగిన వారికి అందులో సగం చాలు.

అతుకు పెట్టడం ఇంకా సున్నితమైన పని. మేలిమి వెండి 962 డిగ్రీల దగ్గర, రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కాని 72 పాళ్ళ వెండికి 28 పాళ్ళ రాగి కలిపితే ఆ మిశ్రమం 779 డిగ్రీలకే కరిగిపోతుంది. విడివిడిగా ఉన్నప్పటి కంటే కలిసినప్పుడు తేలికగా కరిగే ఈ గుణం మీదే వెండి అతుకంతా ఆధారపడి ఉంది. దానికి కొద్దిగా తుత్తునాగం (జింకు) చేరిస్తే ఇంకా తక్కువ వేడికే పారుతుంది. వెలిగారం (బోరాక్సు) నీళ్ళు పూసి, ఊదుగొట్టంతో మంటను నడిపిస్తే, అతుకు మంట ఉన్న వైపుకే పాకుతుంది. ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతంలో నాణ్యతకు గుర్తుగా చాలాకాలం చెప్పుకున్న 'కేడీఎం' అన్నది కాడ్మియం కలిపిన అతుకు. దాని పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కిటికీ లేని గదుల్లో ఆ పొగ పీల్చినవారు మన నగలు చేసిన మనుషులే. కాడ్మియం లేని అతుకులు నేడు దొరుకుతున్నాయి కనుక, కొనేవారు వాటినే అడగడం మొదలుపెట్టాలి.

ఈ పని పాతకాలపు అవశేషమని, పూజాసామగ్రికి మాత్రమే పరిమితమని మనలో చాలామంది భావిస్తున్నారు. ఇతర దేశాలలో పరిస్థితి అలా లేదు. కోపెన్‌హాగెన్‌లో 1904లో చిన్న కార్ఖానాగా మొదలైన జార్జ్ జెన్సెన్ సంస్థ, సుత్తి గుర్తులను చెరిపివేయకుండా వాటినే అందంగా నిలిపింది. ఇంగ్లాండులో జెరాల్డ్ బెన్నీ అనే శిల్పి ఒకసారి మొఖం దెబ్బతిన్న సుత్తితో పొరపాటున కొట్టినప్పుడు పడిన గరుకు గీతలను గమనించి, చెట్టు బెరడు వంటి ఆ ఉపరితలాన్నే తన ముద్రగా మలుచుకున్నాడు. నునుపుగా మెరిసే వెండి మీద వేలిముద్రలు పడితే కనబడతాయి, బెరడు గీతల మీద కనబడవు. అందం కోసం చేసినది వాడకానికీ పనికివచ్చింది. జపానులో పుట్టి లండన్‌లో కూడా చదువుకున్న హిరోషి సుజుకి, ఒకే వెండి రేకును సుత్తితో లేపి, నీటి అలలు గడ్డకట్టినట్టుండే కలశాలు చేస్తాడు. ఆయన చేతిలోనూ ఉన్నవి సుత్తి, మొన, మంటే. మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ జాన్స్ 1990లలో వెండిలో కొద్దిగా జెర్మేనియం కలిపి, కాల్చినప్పుడు రాగి మచ్చలు పడని, త్వరగా నల్లబడని మిశ్రమాన్ని రూపొందించారు. అంటే ఈ వృత్తిలో విశ్వవిద్యాలయ పరిశోధనకూ, సుత్తి పట్టిన చేతికీ ఒకేచోట స్థానముంది.

మన దగ్గర ఆ స్థానం లేకపోవడానికి పనితనం లోపించడం కారణం కాదు. కృష్ణాతీరాన వెండి పరిచయం ఎంత పాతదో అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేలే, అంటే గుర్తులు కొట్టి ముద్రించిన ప్రాచీన వెండి నాణేలే చెబుతాయి. వెండి తీగను జుట్టు మందానికి లాగి అల్లే కరీంనగర్ ఫిలిగ్రీ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వైపు కొండపల్లి బొమ్మ కొనేవారు పొణికి కర్రను తూచి ధర అడగరు. మంగళగిరి చీర కొనేవారు నూలు బరువు చూడరు. వెండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం త్రాసు ముందు నిలబడతాము. కష్టకాలంలో అమ్ముకునే ఆస్తిగా వెండిని దాచుకున్న సంసారాలకు ఆ జాగ్రత్త అవసరమే. కాని కొనేటప్పుడు కూడా అమ్మకం ధరే మనసులో ఉంటే, గిన్నె చేసిన మనిషికి దక్కేది తక్కువ మజూరీ మాత్రమే. కంసాలిని నమ్మరాదని చెప్పే సామెతలు మన భాషలో ఉన్నాయి. వాటిని ఇకనైనా వాడకుండా ఉండటం మంచిదని నా మనవి.

చేతిపనిని గుర్తుపట్టడం కష్టమైన విద్య కాదు. గిన్నెను తిరగేసి అడుగు చూడండి. మరమీద తిప్పి ఒత్తిన గిన్నెకు సమానమైన సన్నని వలయ రేఖలు ఉంటాయి. సుత్తితో లేపిన గిన్నెను వెలుతురుకు పట్టి తిప్పితే చిన్న చిన్న పలకలు మెరుస్తాయి. అంచును రెండు వేళ్ళతో పట్టుకుంటే, చేతితో లేపినది అడుగు కంటే అంచు దగ్గర కాస్త మందంగా తగులుతుంది, ఎందుకంటే వెడల్పుగా ఉన్న రేకు ఇరుకైన మూతిలోకి సర్దుకోవాలి కదా. ఉబ్బెత్తు పనికి లోపలివైపు చూస్తే, లక్క మీద పెట్టి ఉలితో నెట్టిన జాడలు ఒక్కొక్కటి ఒక్కో లోతులో ఉంటాయి. ఇంట్లో ఉన్న పాత వెండిని ఇలా ఒకసారి చూసిన తరువాతనే మార్పిడికి తీసుకువెళ్ళాలని పాఠకులను వేడుకుంటున్నాను.

శుభ్రపరచడం గురించీ ఒక మాట. వెండి నల్లబడేది గాలిలోని గంధక వాయువుల వల్ల. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడు. పళ్ళపొడితో, విభూతితో రుద్దినప్పుడు నలుపుతో పాటు వెండి, దాని మీది నగిషీ కూడా అరిగిపోతాయి. అల్యూమినియం రేకు పరిచిన పాత్రలో వేడినీళ్ళు, వంటసోడా వేసి వస్తువును రేకుకు తగిలేలా ఉంచితే, గంధకాన్ని అల్యూమినియం తీసుకుని వెండిని వెండిగానే వదులుతుంది. నగిషీ పల్లాలలో పనివాడు కావాలని నిలిపిన నలుపు ఉన్న వస్తువులకు మాత్రం ఇది చేయకూడదు, ఆ నలుపే పోతుంది. వాటిని మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక నా విన్నపాలు. లండన్ స్వర్ణకారుల సంఘానికి 1327లో రాజు అధికారపత్రం ఇచ్చాడు. నేటికీ బ్రిటన్‌లో వెండి వస్తువు మీద స్వచ్ఛత ముద్రతో పాటు, దానిని చేసినవారి లేదా పరీక్షకు పంపినవారి అక్షరాల ముద్ర తప్పనిసరి. మన దేశంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా హాల్‌మార్కుతో పాటు ప్రత్యేక సంఖ్య వేసే పద్ధతి స్వచ్ఛందంగా మొదలైంది. దాని ద్వారా స్వచ్ఛత, నగల వ్యాపారి, పరీక్షా కేంద్రం వివరాలు తెలుస్తాయి. పని చేసిన చేయి ఎవరిదో మాత్రం తెలియదు. చేతిపని వస్తువులకైనా మన వర్తకులు పనివాని గుర్తు వేయించి, బిల్లులో వెండి ధరను, మజూరీని విడివిడిగా చూపి, ఆ మజూరీ ఎందుకో కొనేవారికి వివరించాలి.

రెండవది, నేర్చుకునే చోటు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకార వృత్తి ఉంది. శిక్షణ రోజులకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. ఇప్పటికే వృత్తిలో ఉన్నవారికి అది మేలే. కాని అందులోని ప్రాథమిక శిక్షణ వారం రోజులకు మించదు, కొత్తగా నేర్చుకోదలచిన ఆడపిల్లకో, వేరే కులంలో పుట్టిన కుర్రవాడికో అందులో దారి లేదు. ఆచారి గారి కుమారులిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలలో ఉన్నారు, వారిని ఎవరూ తప్పుపట్టలేరు. ఇంటి పిల్లలు రాకపోతే బయటి పిల్లలు రావాలి, వారు రావడానికి తలుపు ఉండాలి. 2015లో మన నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలోనే మొదలైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ విద్యార్థులు ఒక సెమిస్టరులో కొన్ని వారాలు గుంటూరు, విజయవాడ కొట్లలో కూర్చుంటే, వారికి చేతి జ్ఞానం, ఆచారి గారివంటి వారికి కొత్త రూపాలు అందుతాయి. గురువుకు బోధనా వేతనం ఇవ్వాలి, గౌరవంతో సరిపెట్టకూడదు. విజయవాడ బాపు మ్యూజియంలో ఒక గదిని లోహపు పనికి కేటాయించి, వస్తువుతో పాటు దాని పనిముట్లను, సగం లేపిన గిన్నెను కూడా ఉంచితే, పిల్లలకు పని దశలు కంటికి కనిపిస్తాయి.

చివరిగా మీకు ఒక మనవి. మీ విలేకరిని, ఛాయాచిత్రకారుని ఒకరోజు ఈ కొట్టుకు పంపండి. సాయంత్రం ఆరు దాటిన తరువాత రమ్మనండి. వెండి ఎరుపు తిరగడం దీపాలు ఆర్పిన తరువాతనే కనిపిస్తుంది.

భవదీయ,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.